కుమారి సీసాలో వెలుగు

కుమారి పరిగెత్తుతుంటే చూడాలి. ఒక చేతిలో టిఫిన్ క్యారేజీ, ఇంకో చేతిలో చెప్పులు, భుజాన సంచి. తెనాలి స్టేషన్లో వంతెన మెట్లు దిగి రేపల్లె బండి వైపు ఆమె వచ్చే తీరు చూస్తే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరరని ఎవరూ అనుకోరు. పరుగుపందేనికి పేరిచ్చి ఆలస్యంగా వచ్చిన మనిషి అనుకుంటారు.

నేనెవరినంటే, ఆ బండి ముందే ఎక్కి, పక్క సీటు మీద సంచి పెట్టి, ఆమె కోసం నలుగురితో తగువు పడే మనిషిని. నా పేరు మహాలక్ష్మి. చుట్టరికం లేకపోయినా నేనూ కుమారీ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటాం. మాది రేపల్లె. మా ఆయన సుబ్బరామయ్య నిజాంపట్నం హార్బరులో చేపల వ్యాపారం చేస్తాడు. నేను తెనాలిలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేస్తాను. తూర్పున ఫలానావారి మాగాణి, పడమర పంటకాలవ అని హద్దులు రాసే పని. అలవాటు చొప్పున కుమారి హద్దులు కూడా చెప్పేస్తాను. పుట్టిల్లు బాపట్ల, అత్తిల్లు రేపల్లె, ఉద్యోగం తెనాలి. ఈ మూడింటి మధ్యలో ఉన్నదంతా రైలుపట్టాలే.

వాళ్ల నాన్న బర్నబాస్ గారు బాపట్ల వ్యవసాయ కళాశాలలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. లూథరన్ చర్చిలో ఆ ఆదివారం పాడబోయే పాటల నంబర్లు బోర్డు మీద పెట్టేది ఇప్పటికీ ఆయనే. కుమారి భర్త వినోద్ కుమార్ రేపల్లెలో లెక్కల మాస్టారు. పొద్దున్నే పెళ్లానికి క్యారేజీ సర్ది చేతికిచ్చే మొగుణ్ణి నేను మా వీధి మొత్తానికీ ఆయన్నొక్కణ్ణే చూశాను. మా ఆయనకి చూపించాను కూడా. ఆయన చూసి ఊరుకున్నాడు.

కుమారి నెమ్మదైన మనిషి. ఉన్నదానితో సంతోషంగా ఉంటుంది. పాఠం చెప్పడం ఇష్టం, ఇల్లు ఇష్టం, బండిలో బటానీలు కొనుక్కుని అందరికీ పంచడం ఇష్టం. ఒక్క కోరిక మాత్రం ఆమెను స్థిమితంగా కూర్చోనిచ్చేది కాదు. పిహెచ్‌డి చెయ్యాలి. చదువుకునే రోజుల్లో ఆ అవకాశం రాలేదు. నలభై దాటాక, ఉద్యోగం చేసుకుంటూనే యూనివర్సిటీలో మోహనకృష్ణ గారనే ప్రొఫెసరు దగ్గర చేరింది. పని ఎక్కువ భాగం వాళ్ల కాలేజీ ల్యాబులోనే చేసుకోవచ్చని ఆయన ఒప్పుకున్నారు.

"ఏంటి వదినా, దేని మీద చేస్తున్నావు?" అని నేను అడిగితే మొదట్లో ఏదో పొడుగాటి పేరు చెప్పింది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు, లేకపోతే రేపట్నుంచి సీటు ఆపను" అన్నాను.

అప్పుడు చెప్పింది. మన ఫోన్ల తెరల్లో వెలిగేవి కొన్ని చిన్న చిన్న అణువులట. ఇనుమూ గాజూ లాంటివి కావు, బొగ్గులో ఉండే కర్బనంతో కట్టినవి. కుమారి తయారు చేసిన అణువు ఒంటరిగా ఉంటే వెలగదు. అలాంటివి కోట్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా సర్దుకుంటేనే వెలుగుతుంది. ఆ సర్దుకోవడం మనం చేసేది కాదట. వేడి స్పిరిట్‌లో కరిగించి, చల్లారనిస్తే వాటంతటవే చేయీ చేయీ పట్టుకుని పోగుల్లా అల్లుకుంటాయి. అప్పుడు సీసాలో నీళ్లలా ఉన్నది జున్నులా గట్టిపడుతుంది.

"అవి సర్దుకుంటే నువ్వేం చేస్తావు మరి?"

"సర్దుకునేట్టు చెయ్యడమే నా పని వదినా."

మంచి ఉద్యోగమే అనుకున్నాను.

చాలా కాలం అవి సర్దుకోలేదు. సీసా అడుగున పసుప్పచ్చటి పొడి దిగేది, అంతే. ల్యాబు మూసేస్తారు, బండి టైమవుతుంది, కుమారి పరిగెత్తుకొస్తుంది. వాళ్ల స్టాఫ్ రూములో ఒకాయన ఒకసారి నవ్వుతూ, "బండి టైము చూసుకునేవాళ్లకి పరిశోధనలేంటి మేడమ్! అది రాత్రీ పగలూ కూర్చోవాల్సిన పని" అన్నాడట. నాతో అని ఉంటే ఆ నవ్వు అక్కడే దించేదాన్ని. కుమారి కూడా నవ్వేసింది. కానీ ఆ మాట మనసులో పెట్టుకుంది. అది నిజమేనేమోనని ఆమెకు భయం.

పోయిన ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆమె మొహం వెలిగిపోతూ బండెక్కింది. కూర్చోగానే సంచిలోంచి బొటనవేలంత సీసా తీసి తలకిందులు చేసింది. లోపలిది జారలేదు. "వదినా, కొంగు కప్పు" అంది. బట్టల కొట్లలో దొంగనోట్లు చూసే నీలం లైటు లాంటిది ఆమె చేతిలో ఉంది. నా చీరకొంగు మా ఇద్దరి తలల మీదా కప్పాను. ఆమె లైటు వేసింది.

నిమ్మపండు రంగులో వెలిగింది ఆ సీసా. లైటు నీలం, వెలుగు మాత్రం పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. లోపల దీపం పెట్టినట్టే ఉంది. నేను నోరు తెరిచాను. ఈలోగా, "ఏంటక్కా, మాకూ చూపించండి" అని పూలమ్మే ఆవిడ దూరింది, ఆవిడ వెనక ఆసుపత్రి నర్సమ్మ. వేమూరు వచ్చేసరికి పెట్టెలో ఆడవాళ్లందరూ నా కొంగు కిందకి వచ్చి వెళ్లారు. చీర నలిగిపోయింది. కుమారి మాత్రం ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పింది, విసుక్కోకుండా.

సీసాలు మోహనకృష్ణ గారి దగ్గరికి వెళ్లాయి. ఆయన కొలతలు తీయించి చాలా సంతోషించారు. "ఇంత వెలుగు నేను అనుకోలేదమ్మా. ఇదే పద్ధతిలో మూడుసార్లు చేసి తీసుకురండి. మళ్లీ మళ్లీ వస్తేనే మనది. ఒక్కసారి వచ్చింది ఎవరూ నమ్మరు" అన్నారు.

అక్కడ మొదలైంది కష్టం. అది మళ్లీ రాలేదు.

ఆమె తయారు చేసిన అదే మందు, అదే స్పిరిట్, అవే సీసాలు. వాటర్ బాత్ అని పెద్ద స్టీలు తొట్టి ఉంటుందట, మూతతో. అందులో మరుగుకి దగ్గరగా కాగిన నీళ్లలో సీసాలు పెడితే మందు కరుగుతుంది. తీసి బల్ల మీద పెడితే చల్లారుతుంది. అన్నీ అలాగే చేసింది. పొడి దిగింది. మందులో మలినం ఉందేమోనని మళ్లీ శుద్ధి చేసింది. పొడి. స్పిరిట్ కొత్తది తెప్పించింది. పొడి. సీసాలు గుడ్డలో చుట్టి గంటసేపు మెల్లగా చల్లార్చి చూసింది. మళ్లీ ఆ దిక్కుమాలిన పొడే.

దసరా వెళ్లింది, క్రిస్మస్ వెళ్లింది. గడువు జూన్‌తో అయిపోతుంది. ఈలోగా ఆ వెలుగు మళ్లీ చూపించలేకపోతే థీసిస్ లేదు, ఇన్నేళ్ల చదువూ గల్లంతు. బండిలో బటానీలు కొనడం మానేసింది. నాకు అన్నిటికంటే అదే బాధనిపించింది.

మార్చిలో ఆమె ఒక నిర్ణయం చేసుకుంది. తప్పంతా బండిదే, సగం మనసుతో పని చేస్తున్నాను కాబట్టే పాడవుతోందనుకుంది. కాలేజీకి సెలవు పెట్టి తెనాలిలోనే పినతల్లి ఇంట్లో దిగింది. పొద్దున్నుంచీ తొట్టి పక్కనే కూర్చుంది. మందు కరిగిన నిమిషానికి పట్టకారుతో సీసాలు తీసి, బల్ల మీద దూది పరిచి, ఒక్కొక్కటీ దాని మీద నిలబెట్టి, కళ్లార్పకుండా చూసింది. బాలింతకు కూడా ఎవరూ అంత సేవ చెయ్యరు.

అంత చేసినా పొడే. అప్పుడు ఆమె ధైర్యం నిజంగా పోయింది.

ఈస్టరుకి బాపట్ల వెళ్లింది. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పుకుంది. బర్నబాస్ గారు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "పోనీలే అమ్మా. ఉద్యోగం ఉంది, వినోద్ లాంటి మంచి భర్త ఉన్నాడు. దేవుడు నీకేం తక్కువ చేశాడు? ఇది రాకపోతే రాకపోయింది" అన్నారు. ఆయన ఓదార్పుగానే అన్నారు. కుమారికి మాత్రం ఆ ఓదార్పే గుచ్చుకుంది. నాన్న కూడా ఇక రాదని తేల్చేసుకున్నాడని ఆమె బాధ.

సెలవు అయిపోయి మళ్లీ బండెక్కిన సాయంత్రం నాకు ఇదంతా చెప్పి, "మోహనకృష్ణ సారుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేస్తాను వదినా" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు మానేస్తావు? ఒకసారి వచ్చిందిగా! నా కొంగు కింద నేను చూశానుగా! అది మంత్రమేం కాదు, నువ్వే చేశావు."

"చేశాను. ఎలా చేశానో నాకే తెలియట్లేదు. ఇప్పుడు చేసేట్టే చేశాను. శ్రద్ధగా కరిగించాను, శ్రద్ధగా తీసి పెట్టాను."

"శ్రద్ధా? ఆ రోజా?" నవ్వొచ్చింది నాకు, అంత కోపంలోనూ. "వదినా, ఆ సీసా నువ్వు చూపించింది ఏ రోజు? నా గాజులు పగిలిన మర్నాడు. ముందు రోజు వానలో నువ్వు ఆలస్యంగా వస్తే బండి కదిలిపోయింది. నీ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. నా మట్టిగాజులు అన్నీ పగిలి రక్తం వచ్చింది. ఇంటికెళ్తే మా అత్తయ్య శకునం బాగాలేదని నానా గోలా చేసింది. నేను మర్చిపోతానా?"

"అవును, ఆ వాన రోజు. అయితే ఏంటి?"

"అయితే ఏంటా? నా చేతికి రక్తం కారుతుంటే నువ్వు కనీసం అయ్యో అనలేదు. సీట్లో కూలబడి, 'స్విచ్ ఆపేశాను, సీసాలు తియ్యలేదు, సీసాలు తియ్యలేదు' అని ఒకటే గొణుగుడు. 'నీ సీసాలు తగలెయ్య, ఇక్కడ నా చెయ్యి చూడు' అని నేను తిట్టాను. అప్పుడు కట్టు కట్టావు."

కుమారి నా వంక చూస్తూ ఉండిపోయింది. భట్టిప్రోలు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. 

"తియ్యలేదు," అంది చివరికి. "తొట్టిలోనే వదిలేశాను. మూత కూడా వేసే ఉంది. పొద్దున వెళ్లి నీలం లైటు వేస్తే వెలుగు కనిపించింది. ఆ సంతోషంలో అంతా మర్చిపోయాను. రోజూ చేసినట్టే తీసి బల్ల మీద పెట్టాననే అనుకుంటూ వచ్చాను వదినా ఇన్నాళ్లూ."

"తొట్టిలో ఉంటే ఏమవుతుంది?"

"బల్ల మీద అరగంటలో చల్లారిపోతుంది. గుడ్డ చుడితే గంట. మూతేసిన అన్ని నీళ్లు చల్లారాలంటే తెల్లవారుతుంది." అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈసారి కూడా గాజులు పోతాయేమో అనుకున్నాను.

అది ఎందుకు పనిచేస్తుందో ఆమె నాకు పల్లెకోన దాటేలోపు చెప్పింది, మా పెట్టెనే చూపించి. బండి ఆగినప్పుడు జనం తోసుకుంటూ ఎక్కుతారు. ఆ తొక్కిడిలో ఎవరెక్కడ పడితే అక్కడ ఇరుక్కుపోతే ఇక కదలడానికి ఉండదు. అదే కాస్త సమయం ఇస్తే, ఒకరు సంచి పైన పెడతారు, ఒకరు కాళ్లు ముడుచుకుంటారు, ఎక్కడ ఇమడాలో అక్కడికి చేరి అందరూ వరసగా కూర్చుంటారు. అణువులూ అంతే. తొందరగా చల్లారిస్తే గుంపుగా కూలి పొడైపోతాయి. మెల్లగా చల్లారితే తప్పుగా కూర్చున్నవి లేచి మళ్లీ సరిగ్గా కూర్చుంటాయి. ఆమె చదువంతా నాకు అంతవరకే అర్థమైంది, అది చాలు.

మర్నాడు సాయంత్రం ఆమె మూడు సీసాలు తొట్టిలో పెట్టి, కరిగాక, స్విచ్ ఆపి, మూతేసి వచ్చేసింది. ఈసారి పరిగెత్తాల్సిన పని లేకపోయినా పరిగెత్తుకునే వచ్చింది. అక్కడే ఉంటే మూత తీసి చూస్తానేమోనని భయమట. దారి పొడుగునా ఫోన్లో టైము చూసుకుంటూనే ఉంది. నేనే ఏదో వాగాను.

పొద్దున తెనాలిలో దిగాక ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి నేనూ ఆమె వెంట కాలేజీకి వెళ్లాను. ల్యాబులో ఇంకా ఎవరూ రాలేదు. ఆమె తొట్టి మూత మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటోందని తెలిసి నేనూ మా వెంకన్నకి ఒక దణ్ణం పెట్టుకున్నాను. మూత తీసింది. మొదటి సీసా పైకి తీసి తుడిచి తలకిందులు చేసింది. జారలేదు. రెండోదీ జారలేదు, మూడోదీ జారలేదు.

"వదినా, కిటికీలు మూసెయ్," అంది. 

మూడూ వెలిగాయి. మూడూ ఒకే రంగు. మేమిద్దరం ఆ చీకటి గదిలో చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గెంతాం. ఆమె వెంటనే బాపట్ల ఫోన్ చేసింది. "నాన్నా, వచ్చింది నాన్నా" అంటే బర్నబాస్ గారు ముందు ఎవరొచ్చారనుకున్నారో ఏమో, తర్వాత తెలిసి ఫోన్లోనే స్తోత్రం చెప్పారు. ఆ సాయంత్రం బండిలో బటానీలవాడి బుట్ట సగం మా పెట్టెలోనే ఖాళీ అయ్యింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా వచ్చింది. గడువులోపు థీసిస్ పూర్తయింది. అయితే మోహనకృష్ణ గారికి ఆమె, "రాత్రంతా తొట్టిలోనే మెల్లగా చల్లార్చానండి" అని మాత్రం చెప్పింది. ఎందుకు అలా చేసిందో చెప్పలేదు. బండి కోసం పని వదిలేసి పరిగెత్తానని చెప్పడానికి ఆమెకు సిగ్గు. ఆ స్టాఫ్ రూము మాట ఇంకా లోపల నలుగుతూనే ఉంది. ప్రొఫెసరు గారు ఆ చోట గంభీరంగా, అణువుల అమరికను దృష్టిలో ఉంచుకుని మందగతిలో చల్లార్చే విధానాన్ని ఎంచుకున్నాము అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాయించారు. అలాంటి వాక్యాలు నేను రోజూ రాస్తాను. తగువు పడి విడిపోయిన అన్నదమ్ముల గురించి పరస్పర అంగీకారంతో అని రాసేది నేనేగా.

వైవా రోజు యూనివర్సిటీకి నేనూ వెళ్లాను. ఎవరైనా వచ్చి వినొచ్చట. వినోద్ కుమార్ ముందు వరసలో, కొత్త చొక్కాలో, తన పరీక్షే అయినట్టు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. బర్నబాస్ గారు కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. పరీక్ష చెయ్యడానికి హైదరాబాదు నుంచి దశరథరామయ్య గారనే పెద్దాయన వచ్చారు. కుమారి ఒక సీసా ఆయన ముందు బల్ల మీద పెట్టి, తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. ఆయన ఏవేవో అడిగారు. అన్నిటికీ సమాధానం చెప్పింది. నాకు అర్థం కాకపోయినా, ఆమె ఎక్కడా తడబడలేదని తెలుస్తూనే ఉంది.

చివర్లో ఆయన కళ్లజోడు తీసి, తెలుగులో అడిగారు. "అమ్మా, అంతా బాగుంది. ఒక్క సందేహం. ఇదే రకం పదార్థాల మీద చాలామంది పనిచేశారు. ఎవరూ పూర్తి రాత్రి చల్లార్చలేదు. గంటో రెండు గంటలో చూసి వదిలేశారు. మీకు ఇది ఎలా తట్టింది?"

మోహనకృష్ణ గారు థీసిస్‌లో ఆ పేజీ తిప్పి కుమారి ముందుకు జరిపారు. చదివితే అయిపోతుంది. కుమారి ఆ పేజీ చూసింది. తర్వాత నాన్న వైపు చూసింది. 

"తట్టలేదండి," అంది.

థీసిస్‌ని పక్కకి జరిపింది.

"ఆ రోజు రేపల్లె బండికి టైమైపోయిందండి. వాన పడుతోంది. అది తప్పితే ఇంటికెళ్లడం కష్టం. స్విచ్ ఆపి, సీసాలు తొట్టిలోనే వదిలేసి పరిగెత్తానండి. పొద్దున వచ్చేసరికి వెలిగిందండి. తర్వాత నెలల తరబడి దగ్గర కూర్చుని శ్రద్ధగా చేస్తే రాలేదండి. నేను పక్కన ఉండి తొందరపెట్టకపోవడమే దానికి కావాల్సింది అని చాలా ఆలస్యంగా తెలిసిందండి. అది కూడా మా వదిన గుర్తు చేస్తేనే."

వెనక ఎవరో విద్యార్థులు నవ్వారు. దశరథరామయ్య గారు నవ్వలేదు. బల్ల మీది సీసా తీసుకుని తలకిందులు చేసి చూశారు.

"మరి ఇది థీసిస్‌లో రాయలేదేంటమ్మా?"

"సిగ్గేసిందండి," అంది కుమారి. "బండి టైము చూసుకుని పనిచేసేదాన్నని అనుకుంటారని."

ఆయన థీసిస్ తన వైపు లాక్కుని, కలం మూత తీసి ఆ పేజీలో గంభీరమైన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. పుస్తకం ఆమె వైపు తిప్పి, "డిగ్రీకి సిఫారసు చేస్తున్నాను. దిద్దుబాటు ఒక్కటే. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పంపండి. బండి పేరుతో సహా" అన్నారు.

బర్నబాస్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వైవాలో అలా కొట్టొచ్చో లేదో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు, అందరం కొట్టాం. కుమారి ఆ కొట్టేసిన వాక్యం మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.